బండి గోడలకు చెవులుంటాయి!

వెండితెర మీది వెలుగు గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఈవారం నేను జిగురు గురించి రాయబోతున్నాను. జిగురంటే రాజుగారి గడ్డం అంటించే స్పిరిట్ గమ్ కాదు. వ్యాను లోపలి రేకు గోడకు కార్పెట్టు అంటించే జిగురు. "సినిమా పత్రికలో కార్పెట్టు గొడవేమిటయ్యా?" అని మొహం చిట్లించకండి. చివరిదాకా చదివితే ఇది సినిమా గొడవేనని మీరే ఒప్పుకుంటారు.

సంగతేమిటంటే, మా మేనల్లుడు ఒక పాత వ్యాను కొన్నాడు.

మాది సింగరాయకొండ. ఒంగోలుకీ కావలికీ మధ్యన హైవేని ఆనుకుని ఉన్న ఊరు. కొండమీద వరాహ లక్ష్మీనరసింహస్వామి, తూర్పున పాకల సముద్రం, పడమర పోతే కందుకూరు. ఊళ్లో రైలుస్టేషనుంది. సముద్రముంది, సరుగుడు తోటలున్నాయి, సీజనులో చుట్టుపక్కల ఎర్రగా పరిచిన మిరప కళ్లాలున్నాయి. కెమేరాకి ఇంతకన్నా ఏం కావాలి? ఈమధ్య కాలంలో పెద్ద చిత్రాల సంగతి ఎలా వున్నా, చిన్న సినిమాల వాళ్లూ, జానపద గీతాలు తీసి యూట్యూబులో వదిలేవాళ్లూ, పెళ్లికి ముందే పాటలు తీయించుకునే కొత్తజంటలూ పాకల ఒడ్డుకి వస్తూనే ఉన్నారు.

మావాడికి అక్కడే బుర్ర వెలిగింది. "మావయ్యా! వీళ్లందరికీ బట్టలు మార్చుకునే చోటు లేదు. పెద్ద క్యారవాన్ అద్దెకి తెచ్చుకునే తాహతు లేదు. చిన్న మేకప్ వ్యాను తయారుచేస్తే పోలా?" అన్నాడు.

అన్నాడు, చేశాడు. వాళ్లమ్మ, అంటే మా అక్కయ్య, చేతి గాజులు బ్యాంకులో పెట్టించి మరీ చేశాడు. ఆ గాజుల సంగతి నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిస్తే ఆపేవాణ్ణా అంటే, చెప్పలేను. కుర్రాడి కళ్లలో ఆ వెలుగు చూశాక ఆపడం కష్టం.

* * *

అవుట్‌డోర్‌లో నటీనటుల అవస్థలు కొత్తవి కావు. 1967లో బాపు గారు తమ మొదటి చిత్రం 'సాక్షి'ని గోదావరి జిల్లా పులిదిండిలో తీశారు. సెట్లూ లేవు, హంగులూ లేవు. ఆ రోజుల్లో అవుట్‌డోర్ అంటే ఊళ్లో వాళ్ల పెరడే మేకప్ రూము, వాళ్ల వసారాయే విశ్రాంతి మందిరం. అందులో ఒక ఆప్యాయత ఉండేది, నిజమే. కానీ ఆ ఆప్యాయత దొరకని చోట ఆడవాళ్ల పాట్లేమిటో ఎవరూ రాయలేదు. నలుగురు నాలుగు చీరలు అడ్డం పట్టుకుంటే మధ్యన అయిదో మనిషి గబగబా బట్టలు మార్చుకోవడం డాన్సర్లకు, జూనియర్ ఆర్టిస్టులకు మామూలు.

తర్వాత తర్వాత చక్రాల మీద గదులొచ్చాయి. హిందీ చిత్రసీమలో ఈ మేకప్ వ్యాన్లకు బాట వేసినవారిగా నటి పూనమ్ ధిల్లాన్ పేరు చెబుతారు. మనవైపు వ్యాను అనగానే సినిమావాళ్లకీ సినిమావాళ్లు కానివాళ్లకీ కూడా గుర్తొచ్చేది మరొకటుంది. 1982లో ఎన్.టి.రామారావు గారు పాత షెవర్లే వ్యానును మార్పించుకుని 'చైతన్య రథం' అని పేరు పెట్టి రాష్ట్రమంతా తిరిగారు. హరికృష్ణ గారు సారథి. ఆ నెలల్లో ఆయనకు ఆ వ్యానే ఇల్లు, వ్యాను పైకప్పే వేదిక. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. రాజకీయం మాట అటుంచండి. ఒక నటుడికి బండి ఎంత అవసరమో అంతకన్నా గట్టిగా చెప్పిన ఉదాహరణ నాకు తెలీదు.

ఇప్పుడు అగ్రతారలకు బస్సంత క్యారవాన్లున్నాయి. సోఫాలు, టీవీలు, షవర్లు. ఉండాలి, కాదనను. పదిగంటలు లైట్ల ముందు మాడే మనిషికి అరగంట చల్లదనం కావాలి. కానీ ఆ క్యారవాన్ మెట్లు అందరికీ కావు. హీరోయిన్‌కి పిన్నిగా వేసే ఆవిడా, వెనకాల గంతులేసే పన్నెండుమంది పిల్లలూ ఆ బస్సు నీడలో కూర్చుంటారు, లోపలికి కాదు.

* * *

సరే, మావాడి వ్యాను దగ్గరికొద్దాం. అది అంతకుముందు మిరపకాయలు మోసిన బండి. ఎన్నేళ్లో ఏమో, కళ్లాల్లోంచి బస్తాలెత్తుకుని గుంటూరు యార్డుకి తిరిగిన బండి. సీట్లు లేవు, లోపల లైనింగ్ లేదు, వట్టి రేకు డొక్కు. కొనేటప్పుడు ఇంజను చూశారు, టైర్లు చూశారు, కాయితాలు చూశారు. వాసన మాత్రం ఎవరూ చూళ్లేదు. డిసెంబరులో కొన్నారు కదా, చలికాలంలో ఘాటు నిద్రపోతుంది.

మావాడు ఓ అద్దం బిగించాడు, నాలుగు బల్బులు పెట్టాడు, రెండు కుర్చీలు వేశాడు. సంక్రాంతికి ముందు మొదటి బేరం తగిలింది. ఏదో చిన్న చిత్రం, పాకల ఒడ్డున రెండురోజుల పని. నేనూ చూద్దామని వెళ్లాను.

ఆ యూనిట్‌లో ఒకావిడ ఉంది. యాభై దాటిన మనిషి. పేరు రాయను. ఆవిడ ముఖం చూస్తే మీలో సగంమంది "అరే, ఈవిడా!" అంటారు, పేరు మాత్రం ఒక్కరూ చెప్పలేరు. అలాంటి వేషాలు. నాటకాల్లోంచి వచ్చిన మనిషి. మా ఒంగోలు ప్రాంతపు ప్రజానాట్యమండలి గాలి పీల్చి సినిమాల్లోకి వెళ్లిన మాదాల రంగారావు, టి. కృష్ణల గురించి నాకన్నా బాగా చెప్పింది. 'యువతరం కదిలింది' 1980లో వచ్చింది, 'నేటి భారతం' 1983లో, 'ప్రతిఘటన' 1985లో. "ఆ రోజుల్లో నాటకాల వాళ్లం లారీ ఎక్కినా నవ్వుకుంటూ పోయేవాళ్లం అన్నయ్యగారూ" అంది.

పొద్దున ఏడింటికి మేకప్ వేసుకుంది. మధ్యాహ్నం రెండైనా గుక్కెడు నీళ్లు తాగలేదు. మావాడు సీసా తీసుకెళ్లి ఇస్తే చేతిలో పట్టుకుని కూర్చుంది గాని మూత తియ్యలేదు. నాకు అర్థంకాలేదు. మా ఇంట్లో ఆడవాళ్లకి చెబితే ఒక్క క్షణంలో అర్థమైంది. నీళ్లు తాగితే తర్వాత ఎక్కడికెళ్లాలి?

మలయాళ చిత్రసీమ గురించి జస్టిస్ హేమ కమిటీ ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టు 19న బయటికొచ్చింది. పేపర్లన్నీ అందులోని భయంకరమైన సంగతులే పెద్దక్షరాల్లో వేశాయి. వెయ్యాల్సిందే. కానీ అదే నివేదికలో ఈ చిన్న విషయమూ ఉంది. అవుట్‌డోర్‌లో మరుగుదొడ్లూ, బట్టలు మార్చుకునే గదులూ లేక ఆడవాళ్లు నీళ్లు తాగడం మానుకుంటున్నారని, దాంతో జబ్బులు తెచ్చుకుంటున్నారని రాశారు. అది చదివినప్పుడు కేరళ సంగతి కదా అనుకున్నాను. పాకల ఒడ్డున ఆ మూత తియ్యని సీసా చూశాక మన సంగతేనని తెలిసింది.

సాయంత్రం ఆవిడ బట్టలు మార్చుకోడానికి మావాడి వ్యాను ఎక్కింది. ఎక్కి, తలుపు దగ్గర ఆగి అడిగింది:

"బాబూ, ఇందులో మాట్లాడుకుంటే బయటికి వినపడుతుందా?"

మావాడు నీళ్లు నమిలాడు. వినపడుతుంది మరి! వట్టి రేకు. లోపల గాజు జారితే బయట గంట కొట్టినట్టుంటుంది. బయట లైట్‌బాయ్‌లు వేసుకునే జోకులు లోపలివాళ్ల చెవిలో ఊదినట్టుంటాయి. ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. పక్కనున్న కుర్రపిల్లని లోపలికి పిలిచి తలుపు వేసుకుంది. అయిదు నిమిషాలు గుసగుసైనా లేదు.

ఆ రాత్రే మావాడు నిర్ణయించాడు. "మావయ్యా, గోడలకి కార్పెట్టు వేసేద్దాం. శబ్దం ఆగిపోద్ది."

* * *

ఇక్కణ్ణించి మా వీరగాథ మొదలు. దీన్ని విషాదాంతం అనాలో హాస్యచిత్రం అనాలో మీరే తేల్చండి.

ఫోన్‌లో ఏవో వీడియోలు చూసి మావాడూ నేనూ కలిసి పనిలోకి దిగాం. బజార్లో మందమైన కార్పెట్టు, వెనకాల రబ్బరున్నది, కారుచవగ్గా దొరికితే తెచ్చాం. చెక్కపనికి వాడే మామూలు జిగురు తెచ్చాం. రేకు మీద పూశాం, కార్పెట్టు అద్దాం. సాయంత్రానికి వ్యాను లోపల రాజదర్బారులా ఉంది. ఇద్దరం బయట నిలబడి ఫోటో తీసుకున్నాం.

మార్చిలో ఎండ ముదిరింది. ఓ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి, ఓ పాట తీసేవాళ్లు వ్యాను అద్దెకి తీసుకున్నారు. కథానాయిక లోపలికెళ్లింది. రెండు నిమిషాల్లో తుమ్ములు. ఒకటి, రెండు, పది. మేకప్ అమ్మాయి అందుకుంది. ఇద్దరూ కళ్లలో నీళ్లతో బయటికొచ్చారు. గ్లిజరిన్ చుక్క లేకుండా అంత సహజంగా ఏడ్చిన దృశ్యం నేను ఏ చిత్రంలోనూ చూడలేదు. రేకుల సందుల్లో ఏళ్లతరబడి పేరుకున్న మిరపకారం, ఎండకి నిద్రలేచింది. దానికి తోడు జిగురు మెత్తబడి, పైకప్పు కార్పెట్టు మధ్యలో ఊడి, ఆ అమ్మాయి నెత్తిమీదికి దిగింది. చీర అడ్డంపెట్టుకునే రోజులే నయమనిపించింది.

అద్దె తిరిగిచ్చేశాం. ఆ రాత్రి మా అక్కయ్య భోజనం వడ్డిస్తుంటే ఆవిడ చేతులు నా కంటపడ్డాయి. బోసిగా ఉన్నాయి. అప్పుడు తెలిసింది నాకు గాజుల సంగతి. మావాడు తలెత్తకుండా తిన్నాడు.

* * *

మర్నాడు ఒంగోలు వెళ్లి, లారీల్లో బస్సుల్లో సీట్లు కుట్టే ఓ పెద్దాయన్ని పట్టుకున్నాం. ఊళ్లో అందరూ భాయ్ అంటారు. కుర్రతనంలో విజయవాడ ఆటోనగర్‌లో బస్సుబాడీల దగ్గర పని నేర్చుకున్న మనిషి. వ్యాను లోపలికి తల పెట్టాడు, ఓసారి వాసన చూశాడు, గోడ మీద వేలితో టకటకా కొట్టాడు. "బాబూ, మీరు గోడకి బట్టలు తొడిగారు. స్నానం చేయించలేదు" అన్నాడు.

ఆయన దగ్గర నాలుగురోజులు నేర్చుకున్నది నాలుగు ముక్కల్లో చెబుతాను. ఇలాంటి ఆలోచన ఉన్న కుర్రాళ్లు మీ ఊళ్లోనూ ఉండొచ్చు.

మొదటిరోజు మొత్తం ఊడబీకడమే. వేసిన కార్పెట్టు, చెక్కలు, బల్బులు అన్నీ బయటికి. రేకుకి వెనకాల నిలువుగా అడ్డంగా ఉండే ఇనప పట్టీల సందుల్లో గాలి గొట్టంతో ఊదితే ఎర్రటి దుమ్ము మేఘంలా లేచింది. తర్వాత సబ్బునీళ్లు, మళ్లీ మంచినీళ్లు. రెండురోజులు తలుపులు తీసి ఎండబెట్టాలన్నాడు. దుమ్మూ జిడ్డూ ఉన్న చోట ఏ జిగురూ నిలవదు. పైకప్పు మీద బకెట్లకొద్దీ నీళ్లు పోయించి లోపల ఎక్కడ చుక్క దిగుతుందో సుద్దముక్కతో గుర్తుపెట్టించాడు. రెండుచోట్ల దిగింది. మాది సముద్రపు గాలి తగిలే ప్రాంతం. కార్పెట్టు వెనక తడి చేరితే కంటికి కనపడదు, లోలోపలే తుప్పు రేకుని తినేస్తుంది. తుప్పు గీకించి, రెడాక్సైడ్ పూయించి, సందులు మూయించాడు. తలుపుల అడుగున నీళ్లు జారిపోడానికి చిన్న చిల్లులుంటాయి. వాటిని మాత్రం ముట్టుకోవద్దన్నాడు.

రెండో మెట్టు చప్పుడు సంగతి. "కార్పెట్టు శబ్దాన్ని తాగుతుంది గాని ఆపదు" అన్నాడు భాయ్. ఈ ఒక్క వాక్యం కోసం ఆయనకి నేను గురుదక్షిణ ఇవ్వాలి. లోపల మాట్లాడిన మాట గోడకి తగిలి తిరిగి మోగకుండా కార్పెట్టు పీల్చుకుంటుంది. అందులోనూ 'స', 'ష' లాంటి సన్నటి ధ్వనులనే ఎక్కువ పీలుస్తుంది. బొంగురు ధ్వనులకి పలచటి కార్పెట్టు లెక్కలేదు. రేకు అదిరి బయటికి మోగకుండా ఉండాలంటే రేకుకి బరువు కావాలి. దానికోసం తారుతో చేసిన, పైన అల్యూమినియం పొరున్న షీటుముక్కలు తెచ్చి రేకు మధ్యభాగాల్లో రోలరుతో నొక్కి అంటించాడు. గోడంతా కప్పనక్కర్లేదట, అదిరే నడిమి భాగం అదుపులోకొస్తే చాలు. వేలితో కొడితే అంతకుముందు డబ్బాలా 'ఠంగ్' అన్న గోడ, ఇప్పుడు గుమ్మడికాయలా 'దబ్' అంది.

నాకు వెంటనే పాత సినిమా చరిత్ర గుర్తొచ్చింది. టాకీలు వచ్చిన కొత్తలో, 1928-29 ప్రాంతాల్లో, హాలీవుడ్‌లో కెమేరా రొద మైకులో పడకుండా కెమేరాని, కెమేరామన్‌ని కలిపి ఓ గదిలో పెట్టి తలుపేసేవాళ్లు. లోపల ఉక్కకి పాపం ఆ మనిషి పడే అవస్థ ఊహించుకోండి. తర్వాత గది పోయి, కెమేరాకే మందపాటి తొడుగు వేశారు. దాన్ని బ్లింప్ అన్నారు. లోపల మెత్త, బయట గట్టి పెట్టె. అంటే తాగేది ఒకటి, ఆపేది ఒకటి. మన తొలి తెలుగు టాకీ 'భక్తప్రహ్లాద' 1932 నాటికి ప్రపంచమంతా కుస్తీ పడుతున్న సమస్య ఇదే. ఆ సూత్రమే ఒంగోలులో ఓ సీట్లు కుట్టే మనిషి నోటంట విన్నాను.

మూడోది వేడి. రేకుకీ లోపలి ప్లైవుడ్ పలకలకీ మధ్యన నల్లటి ఫోమ్ షీటు పెట్టించాడు. ఫోమ్‌లో రకాలున్నాయి. స్పాంజిలా నీళ్లు పీల్చేది పనికిరాదు. గాలి బుడగలు దేనికది మూసుకుని ఉండే రకం కావాలి, అది తడి పట్టదు. పైకప్పుకి బయటవైపు తెల్లరంగు వేయించాడు. "మే నెల్లో మీ కార్పెట్టు కన్నా ఈ తెల్లరంగే ఎక్కువ పుణ్యం చేస్తుంది" అన్నాడు.

ఆ తర్వాత గాని కార్పెట్టు రాలేదు. అదీ మేము తెచ్చిన రబ్బరు రకం కాదు. రబ్బరున్నది వంపుల దగ్గర మడత పడుతుంది. సాగే గుణమున్న పాలియెస్టర్ రకం తెప్పించాడు. పలకలు ఒక్కొక్కటీ కార్పెట్టు మీద పరిచి, చుట్టూ రెండంగుళాలు వదిలి కోశాడు. నూగు అంతా ఒకే వైపుకి పడుకునేలా చూసుకోవాలి. లేకపోతే ఒకే తానులోంచి కోసిన రెండు ముక్కలు రెండు రంగుల్లా కనపడతాయి. జిగురు రబ్బరు రకం, వేడికి తట్టుకునేది. పలకకీ పూయాలి, కార్పెట్టు వీపుకీ పూయాలి. పూసిన వెంటనే అంటిస్తే తప్పు. పది పదిహేను నిమిషాలాగి, వేలు పెడితే అంటీ అంటనట్టు ఉన్నప్పుడు అద్దాలి. మధ్యలోంచి మొదలుపెట్టి అంచులకి అరచేత్తో తోసుకుంటూ పోవాలి. ఒక్కసారి అంటిందా, మళ్లీ లేవదు. "పెళ్లిలాంటిదిది, ముందే సరిచూసుకోవాలి" అని నవ్వాడు. అంచులు వెనక్కి మడిచి పిన్నులు కొట్టాడు. వంపుల దగ్గర చిన్న చిన్న గాట్లు పెట్టి ముడత లేకుండా లాగాడు. కిటికీల దగ్గర రబ్బరు బీడింగ్ ఎత్తి, కార్పెట్టు అంచు దాని కిందికి తోసి మళ్లీ కూర్చోబెట్టాడు.

జిగురు పూసినంతసేపూ అన్ని తలుపులూ బార్లా తీసిపెట్టాడు. లోపల బీడీ కాదు గదా, అగ్గిపుల్ల పేరెత్తనివ్వలేదు. ఆ ఆవిరి తలకెక్కుతుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. పని అయ్యాక కూడా నాలుగురోజులు బండి తెరిచే ఉంచమన్నాడు.

నిప్పు మాట వచ్చింది గనక చెబుతున్నాను. ఇదే మీరు ముఖ్యంగా వినాల్సింది. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగుళూరు నుంచి హైదరాబాదు వస్తున్న బస్సు మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టుని ఢీకొని కాలిపోయింది. 45 మంది బయటికి రాలేకపోయారు. నిప్పంటుకున్న బండిలో మనిషికి దొరికేది నిమిషాలు కాదు, క్షణాలు. అందుకని భాయ్ మూడు షరతులు పెట్టాడు. మంట త్వరగా అంటుకోని రకం కార్పెట్టే వాడాలి. కొనేముందు చిన్నముక్క బయట కాల్చి చూడాలి, కరిగి నిప్పుచుక్కలుగా కారే సరుకు తేకూడదు. అద్దం చుట్టూ బల్బులున్న చోట కార్పెట్టు ఉండకూడదు, అక్కడ రేకే ఉండాలి, బల్బులు వేడెక్కని ఎల్‌ఈడీలు కావాలి. వైర్లన్నీ గొట్టాల్లోంచి పోవాలి. వెనక తలుపు లోపల్నించి ఒక్క తోపుతో తెరుచుకోవాలి. అందం కోసం దాని పిడిని కార్పెట్టుతో కప్పేశామా, మనం కట్టింది మేకప్ రూము కాదు, బోను.

ఇంకో మాట. గోడకి కార్పెట్టు వేసుకోవడం వేరు, బండి స్వరూపం మార్చడం వేరు. సీట్ల లెక్కా, బండి రకమూ మారిస్తే ఆర్.సి. పుస్తకంలో ఎక్కాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆ సంగతే చెబుతుంది. మావాడు ఆఫీసుల చుట్టూ తిరిగి ఆ పనీ చేయించాడు. చెయ్యకపోతే ప్రమాదం జరిగిననాడు బీమా వాళ్ల దగ్గర మాట పడిపోతుంది.

వెనక మూల నాలుగడుగుల గది కట్టించి, అందులో చిన్న మరుగుదొడ్డి పెట్టించాడు. అక్కడ కార్పెట్టు లేదు, నేల మీదా గోడ మీదా కడిగేందుకు వీలైన ఫైబరు షీటు. ఆ గదికి మాత్రం నేనే పట్టుబట్టాను. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు.

* * *

పనంతా అయ్యాక పరీక్ష పెట్టాం. లోపల రేడియో పాడుతుంటే నేను పదడుగుల దూరాన నిలబడ్డాను. వినపడుతోంది! తగ్గింది గాని, మాట అర్థమవుతూనే ఉంది. మావాడి మొహం వాడిపోయింది. ఇంత ఖర్చూ బూడిదలో పోసిన పన్నీరేనా అన్నట్టు చూశాడు.

భాయ్ నవ్వుతూ వచ్చి తలుపు అంచు చుట్టూ వేలు పోనిచ్చాడు. ఒకచోట వేలు దూరింది. "నీళ్ల కుండకి చిల్లుంటే కుండ మందం చూసి ఏం లాభం?" అన్నాడు. పాత రబ్బరు ఎండకి బిగుసుకుపోయి సందు వదిలేసింది. కొత్త రబ్బరు బీడింగు చుట్టూ వేశాడు. రెండు చోట్ల వైరు చిల్లులు మూశాడు. గాలి ఆడడానికి పైన ఫ్యాను పెట్టిన చోట గొట్టాన్ని వంకర తిప్పి లోపల ఫోమ్ వేశాడు, గాలి వస్తుంది గాని మాట నేరుగా పోదు. మళ్లీ తలుపు వేసి రేడియో పెట్టాం. ఏదో పాట వస్తోందని తెలుస్తోంది, ఏ పాటో తెలియటంలేదు.

అంటే ఇంత కార్పెట్టు వేసినా, ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పింది తలుపు చుట్టూ ఉన్న వేలెడు రబ్బరు. కార్పెట్టు వృథా అనను. లోపల మోత తగ్గింది, చేయి తగిలితే కాలటంలేదు, గొంతు తగ్గించి మాట్లాడాలనిపించే మెత్తదనం వచ్చింది. కానీ కంటికి కనపడేదే పని చేస్తుందనుకోవడం సినిమావాళ్లకే కాదు, మాకూ ఉన్న జబ్బని తెలిసొచ్చింది.

* * *

జూన్‌లో మళ్లీ ఆవిడ వచ్చింది. వేరే చిత్రం, అదే పిన్ని వేషం. పాకల ఒడ్డున ఎండ నిప్పులు చెరుగుతోంది. మావాడి బండి చూసి గుర్తుపట్టి, "ఇది ఆ ఘాటు బండే కదా బాబూ?" అంది. అంటే తుమ్ముల కథ ఒంగోలు దాటి చేరిందన్నమాట!

"స్నానం చేయించామమ్మా" అన్నాడు మావాడు.

లోపలికెళ్లి తలుపు వేసుకుంది. మధ్యలోనే మళ్లీ తీసి, అదే ప్రశ్న అడిగింది. "ఇందులో మాట్లాడితే బయటికి వినపడుతుందా?"

"మీరే చూడండి" అని మావాడు తాను లోపలికెళ్లి, తలుపేసుకుని, ఏదో గట్టిగా అరిచాడు. బయట నిలబడి ఆవిడ చెవి ఒగ్గి విన్నది. నవ్వింది. తర్వాత ఆవిడా, కూడా వచ్చిన ముగ్గురు డాన్సు పిల్లలూ లోపలికి వెళ్లారు. చాలాసేపు రాలేదు. అసిస్టెంట్ డైరెక్టరు వచ్చి "షాట్ రెడీ" అని తలుపు కొట్టేదాకా రాలేదు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. తెలియకపోవడమే ఆ బండికి నేనిచ్చే సర్టిఫికెట్టు.

మావాడు బండి ఊడవడానికి వెళ్లి నాలుగు ఖాళీ నీళ్లసీసాలు తెచ్చి చూపించాడు. వాడికవి చెత్త. నాకు మాత్రం వంద రోజుల షీల్డులా కనిపించాయి.

అప్పు ఇంకా తీరలేదు. నెలకి అయిదారు రోజులు బేరం ఉంటోంది, వానాకాలంలో అదీ లేదు. అక్కయ్య గాజులు బ్యాంకులోనే ఉన్నాయి. ఆవిడ మాత్రం "ఉంటే ఉన్నాయిలేరా, ఆడపిల్లలకి అవసరమైన బండి" అంటోంది. ఆ మాటకి బ్యాంకువాళ్లు వడ్డీ తగ్గించరు గనక, నిర్మాత మహాశయులకి నాదొక మనవి. 2022 ఆగస్టులో మీరంతా షూటింగులు ఆపి ఖర్చుల లెక్కలు తీశారు. నటీనటుల సిబ్బంది ఖర్చు మోయలేకపోతున్నామన్నారు. నిజమే కావచ్చు. ఆ లెక్కల పుస్తకంలో ఇంకో గీత గీసి, పేరులేని వేషాలవాళ్లకి ఒక తలుపు, ఒక గడియ, ఒక మరుగుదొడ్డి అని రాసుకోండి. అగ్రతార క్యారవాన్ అద్దెలో పిసరంత కూడా కాదది. మా సింగరాయకొండ బండే తీసుకోమని అనటంలేదు. ఏ ఊరి బండైనా సరే.

బండి ఎక్కేముందు ఆ తలుపు అంచు చుట్టూ ఓసారి వేలు పోనిచ్చి చూడండి. దూరిందా, మీ కార్పెట్టు ఎంత ఖరీదైనదైనా లోపలివాళ్లు నోరు విప్పరు.